డ్రయ్యరు పాయింటూ మా అత్తమ్మ చీరలూ

మా ఇంటికి బట్టలారబెట్టే డ్రయ్యరు వచ్చినప్పుడు దాని మొదటి శత్రువు మా అత్తమ్మ. ఇబ్రహీంపట్నంలో ఎండకేం కరువని ఆమె వాదన. "గీ డబ్బాల ఏస్తే బట్టలు ఉడుకుతయి గని ఎండుతయా?" అని, వచ్చిన చుట్టాలందరికీ దాన్ని చూపించి మరీ నవ్వేది. నెల తిరగకుండా ఆ డబ్బాను అందరికంటే ఎక్కువ వాడేది ఆమే అయింది. ఆ సంగతి మాత్రం ఎవరమూ పైకి అనకూడదు.

కారణం ఆమె కుడి భుజం. అది పట్టేసి ఏడాది దాటింది, చెయ్యి చెవి దాకా కూడా లేవదు. పీట మీద కూర్చుని తన చీర తానే ఉతుక్కుంటుంది, నల్లాకు చుట్టి ఎడమ చేత్తో మెలితిప్పి పిండుకుంటుంది. దండెం మీద వెయ్యడమే చేతకాదు. దండెం కిందికి కడితే చీర కొసలు వాకిలంతా ఊడుస్తాయి. పోనీ నేను ఆరేస్తానంటే ఒప్పుకోదు. "నా చీరె నేను ఎండేసుకోకపోతే ఇగ నేనెందుకు? మంచంల పండవెట్టుండ్రి" అనేది. డ్రయ్యరు తలుపు నడుము ఎత్తులో ఉంటుంది కాబట్టి ఎవరి సాయమూ అక్కర్లేదు. చీర లోపల వేసి, మీట నొక్కి, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు దాని ఎదురుగా పీట వేసుకుని కాపలా కూర్చునేది.

దసరా అయిన వారానికి ముసురు పట్టింది. సరిగ్గా అప్పుడే ఒక పొద్దున డ్రయ్యరు ఉలకలేదు, పలకలేదు.

మా ఆయన టెస్టరు పట్టుకుని వచ్చాడు. ట్రాక్టరు బాగు చేసుకునేవాడికి కరెంటు పని దానంతటదే వస్తుందని ఆయన నమ్మకం. ప్లగ్గు తీసి సాకెట్టు రంధ్రంలో టెస్టరు పెట్టగానే అది ఎర్రగా వెలిగింది.

"చూసినవా, కరెంటు మంచిగనే వస్తుంది. మిషనే ఖరాబైంది."

"టెస్టరు వెలిగితే వచ్చే తీగ బాగున్నట్టేనండీ. తిరిగి వెళ్ళే తీగ సంగతి అది చెప్పదు కదా" అన్నాను.

"నీ అండీలు నువ్వే ఉంచుకోని, జర పక్కకు జరుగు."

నేను పక్కకు జరిగాను. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి అబ్దుల్లాపూర్‌మెట్‌లో మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. రాగి తీగల మధ్య పాకుతూ పెరిగినదాన్ని నేను. కానీ తరతరాలుగా వ్యవసాయం చేసుకుంటున్న ఈ ఇంట్లో పనిముట్లన్నీ మగవాళ్ళవి, గరిటెలన్నీ ఆడవాళ్ళవి. మా ఆయన కంపెనీకి ఫోన్ చేశాడు. వానలు తగ్గాక మనిషిని పంపుతామన్నారు. మిషను తెరవక ముందే దానిలో ఏం పోయిందో ఆయన ఇంటిల్లిపాదికీ వివరించాడు.

ఇక అత్తమ్మ చీరలు ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాయి. చెయ్యి అందేంత ఎత్తులో ఏముంటే దాని మీద పడేవి. ప్లాస్టిక్ కుర్చీలు, కిటికీ చువ్వలు, మంచం పట్టె. వసారాలో మా ఆయన బైకు నీలం అంచు చీర కట్టుకుని నిలబడింది. బయటికి వెళ్ళాలంటే ఆయన తల్లి అనుమతి తీసుకుని దాని చీర విప్పాల్సి వచ్చింది. ఒకసారి ఆమె నిద్రపోతున్నప్పుడు ఒక చీర తీసుకెళ్ళి పై దండెం మీద వేశాను. లేచి చూసి, "ఎవరేసిన్రు? కిందికి దియ్యి" అంది. తీసే దాకా అన్నం ముట్టలేదు.

ఆ ముసురులో ఏ చీరా పూర్తిగా ఆరలేదు. ఆమె చెమ్మ చీరలే కట్టుకుంది. రెండు మూడు రోజులకు దగ్గు మొదలైంది. పక్క గదిలోంచి ఆ దగ్గు వినిపిస్తుంటే నాకు భయమేసింది. ఇంకా ఈయన మర్యాద చూసుకుంటూ కూర్చుంటే లాభం లేదనిపించింది.

నా పెళ్ళిచీరల పెట్టె అడుగున, మా నాన్న ఇచ్చిన టెస్ట్ ల్యాంపు ఉంది. అంటే హోల్డరులో ఒక బల్బు, దానికి రెండు తీగలు, అంతే. ముందు వంటింటి పాయింటులో పెట్టి మా ఆయనకు చూపించాను, వెలిగింది. డ్రయ్యరు పాయింటులో పెట్టాను, వెలగలేదు.

"మిషన్ది ఏం తప్పు లేదు. ఈ పాయింటే పోయింది. గీజరుకు పెట్టే పెద్ద సాకెట్టు ఒకటి పట్టుకురండి" అన్నాను.

మా ఆయన బల్బు వంక చూశాడు, నా వంక చూశాడు, బైకుకున్న చీర విప్పి సాగర్ రోడ్డు మీద షాపుకు బయల్దేరాడు.

నేను మెయిన్ దించి, టెస్టరుతో మళ్ళీ చూసుకుని, సాకెట్టు విప్పాను. అత్తమ్మ ఎడమ చేత్తో టార్చి పట్టుకుని పక్కన నిలబడింది. తిరిగి వెళ్ళే తీగ స్క్రూ వదులైపోయింది, వేడికి తీగ తొడుగు నల్లగా మాడింది. ఇత్తడి బిళ్ళలకు చిలుము పట్టింది. రంధ్రాల వెనక నుంచి కారి గట్టిపడిన పసుపు ముద్ద కనిపించింది.

నాకు వెంటనే గుర్తొచ్చింది. దసరా నాడు ఆయుధపూజకు ఆమె ట్రాక్టరుకూ కొడవళ్ళకూ పెట్టినట్టే డ్రయ్యరుకూ బొట్టు పెట్టింది. అక్కడితో ఆగలేదు. దానికి బలం వచ్చేది ఈడికెల్లే గదా అని సాకెట్టుకు కూడా తడిపసుపు దట్టంగా పూసి, కుంకుమ పెట్టి, తమలపాకుతో నీళ్ళు చిలకరించింది. ఎప్పుడు అయిపోయిందో నేను చూసుకోలేదు. చూసే సమయానికి సాకెట్టు ముఖం కడిగిన ముత్తైదువలా ఉంటే నవ్వి, పైపైన తుడిచి ఊరుకున్నాను.

టార్చి వెలుగు కొంచెం కదిలింది. ఆమె కూడా ఆ పసుపును చూసింది.

"బిడ్డా, నాతోటే అయిందా?" అంది. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"స్క్రూ ముందే వదులుగా ఉంది అత్తమ్మా. గీజరంత కరెంటు లాగే మిషను ఇది, వదులుంటే మాడుతుంది. తడి తగిలి ఇంకొంచెం తొందరగా పోయింది, అంతే."

వీధిలో బైకు చప్పుడు వినబడగానే నేను పాత సాకెట్టును కొంగుతో శుభ్రంగా తుడిచేశాను.

"ఏమైందట?" అంటూ మా ఆయన లోపలికి వచ్చాడు.

"స్క్రూ లూజు."

"నేను ముందే చెప్పిన గద, లూజ్ కనెక్షన్ అని!"

అత్తమ్మ నా వంక చూసింది. ఇద్దరం నవ్వు ఆపుకోవడానికి చెరో వైపు తిరిగాం. మాడిన మేరకు తీగ కత్తిరించి, రాగి మెరిసే దాకా గీకి, కొత్త సాకెట్టులో బిగించాను. మెయిన్ వేశాక బల్బు వెలిగింది. ఆ తర్వాత డ్రయ్యరు గుర్రుమంది. ఆమె వెళ్ళి తన చీర తానే తెచ్చి లోపల వేసి, పీట జరుపుకుని కాపలా కూర్చుంది.

మళ్ళీ దసరా వచ్చింది. అత్తమ్మ చాప మీద కొడవళ్ళు, పారలు, మా ఆయన పానాలు వరసగా పరిచి, "నీ టెస్టర్ ఏది, ఆ బుగ్గ ఏది?" అని అడిగింది. టెస్టరూ, టెస్ట్ ల్యాంపు బల్బూ తెచ్చిచ్చాను. రెండింటినీ పానాల పక్కన పెట్టి, టెస్టరు పిడి మీద మాత్రం పొడి కుంకుమ అద్దింది. డ్రయ్యరు తలుపుకు బొట్టు పెట్టి, సాకెట్టుకు దూరం నుంచే దండం పెట్టింది. చివరికి కుంకుమ భరిణె పట్టుకుని నా ముందుకొచ్చింది.

"నాకెందుకు అత్తమ్మా?"

"పెట్టద్దా మరి? నువ్వు ఖరాబైతే ఎవ్వడు బాగ జేస్తడు?"

ఆమె కుడి చెయ్యి నా నుదుటి దాకా లేవదు. నేనే వంగాను.