పూలమ్మే ఆమె మొహం

నేను బొమ్మ వేయకముందు బాగేపల్లి బస్టాండు పక్క గోడ మగవాళ్ల గోడ. ఎందుకో చెప్పనక్కర్లేదు. దానికి నాలుగు బారల దూరంలో, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఒకామె పూలు అమ్మేది. చిక్కబళ్లాపురం మార్కెట్టు నుంచి పొద్దున్నే మొదటి బస్సుకు కనకాంబరాలు, మల్లెలు తెచ్చుకునేది. పద్దెనిమిదేళ్లుగా అదే చోటు. బస్సు దిగిన ఆడవాళ్లు నేరుగా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ చోటే ఆమె బతుకు.

నాది చింతామణి. గోడల మీద స్ప్రే డబ్బాలతో బొమ్మలు వేస్తాను. చేయి తిరిగింది మాత్రం పాత పద్ధతిలో. మా గురువు గుడి వాహనాలకు రంగులు వేసేవాడు, పెద్దిండ్ల ఆడవాళ్ల పటాలు రాసేవాడు. ఒక పక్క నుంచి పడే వెలుతురు, కొంచెం వంచిన మెడ, ముక్కుపుడక మీద ఒక్క తెల్లచుక్క. ఆ నాజూకంతా పూలమ్మే ఆమెకు, పదడుగుల ఎత్తున, బస్టాండులో ఇవ్వాలని నా పంతం. రాణులకేనా పటాలు అని కనిపించిన వాళ్లందరితో వాదించేదాన్ని. అప్పుడు నాకు నోరెక్కువ.

అడిగితే ఆమె నవ్వింది. "నా మొగం యాలమ్మా? సినిమా వాళ్లది ఎయ్యి, అందరూ చూస్తారు" అంది. నేను వదల్లేదు. మూడు రోజులు ఆమె పూలు కడుతుంటే పక్కన కూర్చుని గీసుకున్నాను.

గోడ దగ్గరికి వచ్చాక నా చేయి నా మాట వినలేదు, గురువు మాట వింది. నుదుటి గీతలు పోయాయి. ఎండకు కమిలిన బుగ్గలకు పసుపు చాయ వచ్చింది. ఆమెకు ముందు పన్ను ఒకటి లేదు, అందుకని నోరు మూసి వేశాను. చీర, వెనక రంగులు స్ప్రేతో కొట్టి, మొహం కుంచెతో రాశాను. ఆమె చాలాసేపు చూసి, "నా పెండ్లప్పుడు గూడా ఇంత బాగ లేనమ్మా" అంది. పొగడ్త అనుకుని పొంగిపోయాను, తెలివితక్కువదాన్ని.

కండ్లు ఆఖర్న తెరిపించాలి. వాహనమైనా పటమైనా కర్పూరం వెలిగించి, టెంకాయ కొట్టి, ఆ తరువాతే నల్లగుడ్డు దిద్దడం మా గురువు పద్ధతి. ఇన్నేళ్లలో నేను దాని గురించి ఒక్కసారీ ఆలోచించలేదు, అన్నం ముందు చేతులు కడుక్కున్నట్టు చేసేస్తాను. ఆ రోజు శుక్రవారం, బస్టాండు నిండా జనం. నిచ్చెన కింద కర్పూరం వెలిగించాను, టెంకాయ కొట్టాను, పైకెక్కి కండ్లు తెరిపించాను. దిగి చూస్తే ఇద్దరు ముగ్గురు చేతులు జోడించి నిలబడి ఉన్నారు.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను మనిషిని చేయబోతే అమ్మవారైంది.

పై శుక్రవారానికి గోడకు పసుపు, కుంకుమ. ఆ పై వారానికి ఇటికలతో చిన్న అరుగు, దీపం. ఎదురుగా టీ అంగడి ఆయన తానే పూజారి అయిపోయాడు. నెల తిరక్కుండా పూలామెను ఆ చోటు నుంచి లేపేశారు. అమ్మకు ఎదురుగా చెప్పులు విడిచి, ఆకూవక్కా నములుతూ కూర్చుంటే మైల అన్నారట.

ఆమె నాకు ఫోన్ చేసింది. "నువ్వొచ్చి చెప్పమ్మా. అది నా మొగమేనని ఒక్క మాట చెప్తే సాలు. నా తావు నాకిస్తారు."

వెళ్లాను. ఆమెను బొమ్మ పక్కన నిలబెట్టి, ఇదిగో ఈమే అన్నాను. టీ అంగడి ఆయన పైకి చూశాడు, ఆమెను చూశాడు. "ఆయమ్మ యాడ, ఈయమ్మ యాడ!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను ముక్కు చూపించాను, చెవులు చూపించాను. "మీరే గదమ్మా కర్పూరం ఎలిగించి కండ్లు తెరిపించింది? ఇప్పుడు పూలామె అంటాండారు. తప్పు గదా" అన్నాడు, నెమ్మదిగానే. ఆమె ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. పన్ను లేని సందు కనిపించింది. గోడమీది ఆమెకు అది లేదు. ఇంక ఏ సాక్ష్యం చెప్పను? వాళ్లు అన్నది నిజమే, ఆ మొహం ఆమెది కాదు. ఉన్న మొహం చాలదని దాన్ని దిద్దింది నేనే. నాకు వాళ్ల మీద కంటే నా చేతి మీదే కోపం వచ్చింది.

ఇప్పుడు ఆమె హైవే పక్కన, హైదరాబాదు బస్సులు ఆగేచోట నిలబడి అమ్ముతోంది. నీడ లేదు. పన్నెండయ్యేసరికి మల్లెలు వాడిపోతాయి. మొన్న వెళ్లి, గోడకు సున్నం కొట్టేస్తానని చెప్పాను, ఎవరేమన్నా సరే అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా. సున్నం కొడితే నేనే కొట్టించినానంటారు. వాన రాకపోతే నా పాపమంటారు. ఈడ గూడా నిలబడనియ్యరు."

అంతలో బస్సు వచ్చి ఆగింది. ఆమె నా చెయ్యి వదిలేసి, బుట్ట నెత్తికెత్తుకుని, పూలు పూలు అని అరుస్తూ కిటికీల వెంట పరిగెత్తింది.