రాజవ్వత్త బొటనవేలు

ఈ ఉదయం కూడా ఆఫీసు గుమ్మంలోని హాజరు యంత్రం నా బొటనవేలిని గుర్తుపట్టలేదు. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటున్నారు. చల్లటి ఆ అద్దం తగిలితే చాలు, కామారెడ్డిలో ఉన్న నేను ఎల్లారెడ్డిలో మా పక్కింటి రాజవ్వత్త దగ్గరికి వెళ్లిపోతాను.

నేను కొత్తకోడలిగా ఆ వాడకు వచ్చేనాటికి ఆమె కువైట్ వెళ్లడానికి తిప్పలు పడుతోంది. భర్త నడుము పడిపోయాక ఇల్లంతా ఆమె మీదే పడింది. అక్కడ ఒక ఇంట్లో వంటపని కుదిరింది కానీ, వేలిముద్రలు పడితేనే అనుమతి. చిన్ననాటి నుంచి బీడీలు చుట్టిన వేళ్లాయె, గీతలన్నీ అరిగిపోయాయి. కొన్నాళ్లు చేతులకు పని చెప్పకుండా ఉండి రమ్మని హైదరాబాద్ వీసా ఆఫీసువాళ్లు పంపేశారు.

ఊరికే కూర్చోవడం ఆమెకు చేతనైతే కదా! సాయంత్రం ఆడవాళ్లంతా అరుగు మీద బీడీల చాటలు ముందేసుకుంటే, మాటల్లో పడి పక్కవాళ్ల తునికాకు తీసుకుని బీడీ చుట్టేసేది. రెండోసారీ ముద్రలు పడలేదు. "నా చేతులే నాకు పగోళ్లయినయ్ పిల్లా" అని ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది అప్పుడొక్కసారే.

మర్నాడు ఆడవాళ్లు ఆమె కత్తెర, చాట లాక్కున్నారు. లెక్కప్రకారం బీడీలు ఇవ్వకపోతే కార్ఖానాలో ఆమె పని కార్డు పోతుందని, ఆమె వంతు తలా కొంత పంచుకున్నారు. నాకా పని రాదు. "నేర్పియ్యి అత్తా, నేను గూడ చుడుత" అన్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని నోటితోనే నేర్పింది. "గట్టిగ ఒత్తకు, ఆకు పలుగుతది. మల్ల చుట్టు." నేను పాడుచేసిన ఆకులు చూసి ఆమె వేళ్లు కొట్టుకులాడేవి గానీ ముట్టేది కాదు. ఆ మనిషికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

మూడోసారి నేనూ వెంట వెళ్లాను. మిగతా వేళ్లు పడ్డాయి, బొటనవేలు పడలేదు. కౌంటర్లో అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. నేనైతే సిగ్గుతో లేచి వచ్చేసేదాన్ని. ఆమె కొంగుతో వేలు తుడుచుకుని, "జర ఆగు సారూ, ఇంకోపారి పెడత" అంది. బతిమాలలేదు, కోపం చేయలేదు. మళ్లీ పెట్టింది, మళ్లీ తుడిచింది. చివరికి పచ్చ దీపం వెలిగింది.

కువైట్ వెళ్తూ తన చాట నాకే ఇచ్చింది. బీడీలు చుడుతూనే చదువుకున్నాను, ఈ కొలువు తెచ్చుకున్నాను. తర్వాత సెలవు మీద వచ్చినప్పుడు నా వేళ్లు తడిమి, "నా తీర్గనే అరగ్గొట్టుకున్నవ్ గదనే" అని నొచ్చుకుంది. నాకు మాత్రం గర్వంగా అనిపించింది.

ఈ ఉదయం కొంగుతో వేలు తుడుచుకున్నాను. "జర ఆగున్రి, ఇంకోపారి పెడత" అన్నాను వెనకవాళ్లతో.