వెనకాలే వచ్చిన నీరు

నా చిన్నప్పుడు, ఐదో తరగతి పూర్తయిన వేసవి చివర, మా మేనత్తతో కలిసి ఒక కాలువ తవ్వాను. ఆ రోజు పనిలో సగం వృథా అయింది. వృథా అయిన సగం నాది.

మాది అనంతగిరి పైన కొండవాలులో ఉన్న చిన్న ఊరు. ఊరికి ఎగువన రాళ్ల సందులో ఒక ఊట ఉంది. అక్కణ్ణించి వాలు వెంట మట్టి కాలువ తీసి మడులకు నీరు తెచ్చుకుంటాం. ఆ ఏడు తొలి వానకు కొండచరియ జారి కాలువ పూడిపోయింది. తర్వాత పన్నెండు రోజులు చినుకు లేదు. ఊట నీరంతా పక్కనున్న గెడ్డలోకి, ఆ కొండవాగులోకి పోతోంది. కింద మా నారుమడిలో ఆకుల కొసలు పసుపెక్కాయి. నారు పోతే ఆ ఏడు నాట్లు లేనట్టే. మళ్లీ చల్లడానికి ఇంట్లో విత్తనం మిగల్లేదు. నాన్న జ్వరంతో పడుకుని ఉన్నాడు. అందుకని పారలు పట్టుకుని అత్తా నేనూ వెళ్లాం.

నా దగ్గర ప్లాన్ ఉంది. నోటుబుక్కులో గీసుకున్నాను: పైన ఊట, కింద మడి, వంపులో పెద్ద బండ, మూడింటినీ కలుపుతూ ఒక గీత. నీరు కావలసింది మడికి కాబట్టి మడి దగ్గరే మొదలుపెట్టి పైకి తవ్వుకుంటూ పోవాలని లెక్క వేశాను. అత్త ఎన్నడూ బడికి వెళ్లలేదు. నా బొమ్మను తిప్పి తిప్పి చూసింది.

“ఏటిరా గుంటడా, ఇందులో నీరేదీ?”

“ఈ గీతే నీరు అత్తా.”

“అయితే నువ్వు అటునుంచి రా. నేను ఊటకాడ నుంచి వత్తాను. బండకాడ కలుద్దాం.”

ఆమె వాదించకపోవడం నాకు గెలుపులా అనిపించింది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా తవ్వాను. వాలు చాలదేమోనన్న భయంతో ప్రతి పది అడుగులకూ కొంచెం పైకి జరుపుతూ పోయాను. నా కాలువ అంచులు చెక్కినట్టు ఉన్నాయి. అత్తది వంకరటింకర. ఆమె రెండు బారలు తవ్వి ఆగేది. వెనక నుంచి నీరు వచ్చి పాదాలు తడిపేదాకా నిలబడేది. రాకపోతే ముందుకు కదలకుండా వెనక్కి వెళ్లి కాలువ అడుగు చెక్కేది.

బండ దగ్గర కలుసుకున్నాం. అత్త కాలువలో నీరు వచ్చి నిలిచింది. నా కాలువ దానికి మూరెడు ఎత్తున ఉంది.

ఆమె దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. “నీ కాలవ శానా బాగుందిరా అల్లుడా. నీటికే ఎక్కడం సేతకాలేదు.”

నాకు ఏడుపొచ్చింది. “ఏడుపు తరవాత. బేగి రా, పొద్దుగుంకిపోద్ది” అని పార చేతికిచ్చింది. నా కాలువను అలాగే వదిలేసి, దాని దిగువన, ఇద్దరం ఒకే వైపు నుంచి, నీరు నిలిచిన చోటు నుంచి కిందికి తవ్వాం. చీకటి పడకముందే నీరు నారుమడిలోకి దిగింది. నారు బతికింది.

తర్వాత సివిల్ ఇంజనీరింగ్ చదివాను. ఆరేళ్లు రోడ్డు పనుల్లో పరికరంతో ఎత్తుపల్లాలు కొలిచాను. ఒక సైటు ముగిసి ఇంకోటి మొదలయ్యేలోగా ఇంటికి వస్తే, ఊళ్లో పదో తరగతి పిల్లలు లెక్కలు, సైన్సు చెప్పమన్నారు. పరీక్ష రోజు నుంచి వెనక్కి లెక్కగట్టి, రోజుకింత అని పట్టిక వేశాను. తొమ్మిది మంది వచ్చారు. పదో రోజుకు నలుగురు మిగిలారు. వాళ్లలో ఒక అమ్మాయి ఆ సాయంత్రం పుస్తకాలు సర్దుకుంటూ, రేపట్నించి చదువు మానేసి కాఫీ తోట పనికి పోతానంది.

“మీరు బాగానే సెప్తన్నారు సార్. మాకే రావట్లేదు.”

బోర్డు వైపు చూశాను. నా అంకెలు చెక్కినట్టు ఉన్నాయి.

బోర్డు తుడిచేశాను. తనకు చివరిసారి బాగా అర్థమైన లెక్క ఏదని ఆ అమ్మాయిని అడిగాను. భిన్నాల కూడిక అంది, అదీ కింది అంకెలు ఒకటే అయితేనే. అక్కణ్ణించే మొదలుపెట్టాం. ఆమె మర్నాడు కూడా వచ్చింది. తర్వాతి సైటుకు నేను వెళ్లలేదు.

ఇప్పటికీ లెక్కలో రెండు మెట్లు చెప్పి ఆగుతాను. సుద్దముక్క పట్టుకుని, పిల్లల వైపు తిరిగి, ఊరికే నిలబడతాను. కొత్తగా చేరినవాళ్లు సార్ లెక్క మరిచిపోయాడనుకుని నవ్వుకుంటారు. నవ్వనిస్తాను. నా పాదాలు ఇంకా తడవలేదు.