మంచం కింది క్యారియర్లు

నా చిన్నప్పుడు, ఎండలు ముదిరిన ఒక ఆదివారం, సూర్యాపేటలోని మా కిరాయి గదిలో ఉన్నవి: నేను, మా చిన్నాయన, పాత కంప్యూటర్ ఒకటి, నులకమంచం ఒకటి, దాని కింద మూతపెట్టిన టిఫిన్ క్యారియర్లు ఆరు. అన్నిటికంటే ఎక్కువ చోటు ఆక్రమించింది వాసన.

క్యారియర్లు మా ఊరు ఆత్మకూర్ నుంచి పొద్దుటి బస్సులో వచ్చేవి. నాయనమ్మ వండి, డ్రైవర్ పక్కన పెట్టించి పంపేది. తిని, కడిగి, ఖాళీది సాయంత్రం బస్సులో తిప్పి పంపాలి. చిన్నాయన ప్రోగ్రాం రాయడంలో పడి, సగం తిన్నవాటికి అలాగే మూతపెట్టి అల్మారాలో వరుసగా పేర్చేవాడు. నాయనమ్మ పాపం ఎవరినో అడిగి ఇంకోటి పంపేది. ఇంటి ఓనరు తన అల్మారా తనకు కావాలంటే, క్యారియర్లను మంచం కిందికి నెట్టి అల్మారా అప్పజెప్పాడు. గది సర్దేశానన్నాడు.

మర్నాడు అతను మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లుకు వెళ్లి ఆ ప్రోగ్రాం నడిపి చూపాలి. నడిస్తే మిల్లు గేటు దగ్గర ఉద్యోగం. ఆగిపోతే, డిగ్రీ చదివిన మనిషి మళ్లీ మా గొర్రెల మంద వెనక నడవాలి.

వచ్చే లారీల డ్రైవర్ల పేర్లు రాసుకోవడం ఆ ప్రోగ్రాం పని. ఒక పేరు పొట్టి, ఒకటి పొడుగు, ఎన్ని వస్తాయో ముందు తెలియదు. అందుకని సీ అనే కంప్యూటర్ భాషలో ఒక్కో పేరుకు సరిపడా చోటు మెషిన్‌ను అడిగి తీసుకుని, ఆ చోట్ల చిరునామాలను ఒక వరుసలో పెట్టాడు. వరుస నిండితే ఇంకా పెద్ద వరుస అడిగేవాడు. ఒక విడత లారీలు వెళ్లిపోగానే పాత వరుసను తిరిగి ఇచ్చేసి కొత్తది మొదలుపెట్టేవాడు. కొన్ని విడతలయ్యాక మెషిన్ చోటు లేదని ఆగిపోయేది. ఎందుకో అతనికి అంతుపట్టలేదు.

పక్క గదిలో కోదాడ నుంచి వచ్చి పాలిటెక్నిక్ చదివే అక్క ఉండేది. చిన్నాయన ఆమెను పిలిచాడు. ఆమె గడప దగ్గరే ఆగి చున్నీతో ముక్కు మూసుకుంది.

“జర సూడు చెల్లె. గిది ఆగితే రేపటి సంది మల్ల గొర్లెంబడి పోవుడే.”

“చూస్తాను అన్నా. ముందు మంచం కింద ఉన్నవి తీయండి.”

“గవేం జేసినయి? అల్మారనే ఇచ్చేసినం గద.”

“అల్మారా ఇచ్చేస్తే అందులో గిన్నెలు కడిగినట్టా?”

మొదటి మూత తీయగానే పప్పు నురగ కక్కింది. రెండోదానిలో అన్నం మీద బూజు పిల్లిబొచ్చులా లేచి ఉంది. మూడోదానిలో కోడికూర తెల్లటి పురుగులతో కదులుతోంది. నేను బయటి మురుగు మోరీ దాకా కూడా పోలేకపోయాను, గడపలోనే కక్కాను.

“కోడి మల్ల లేసి ఉరికేటట్టున్నదిరా,” అన్నాడు చిన్నాయన.

“మీ కోడే కదా అన్నా, మీరే పట్టుకోండి,” అంది అక్క.

ఆమె దగ్గరుండి ఒక్కో గిన్నె విప్పించింది, తోమించింది, ఎండలో బోర్లించింది. ఆ జిడ్డు నా గోళ్లలోంచి సబ్బుకు కూడా పోలేదు. అన్నీ అయ్యాకే ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది, చాలాసేపు చదివింది.

“ఇక్కడ కూడా అల్మారానే ఇచ్చేశారు అన్నా. పేర్లన్నీ లోపలే ఉన్నాయి. ఇప్పుడు వాటి చిరునామాలు కూడా మీ దగ్గర లేవు.”

చిన్నాయన తల గోక్కున్నాడు. వరుసను వదిలే ముందు ఒక్కో పేరు చోటును తిరిగి ఇచ్చే నాలుగు లైన్లు రాశాడు. మర్నాడు మిల్లులో సాయంత్రం గేటు మూసేదాకా ప్రోగ్రాం ఆగలేదు. గొర్రెలను వేరే మనిషికి అప్పగించారు.

ఇప్పుడు నేనూ అదే భాషలో ప్రోగ్రాములు రాసి బతుకుతున్నాను. లోపలి పేర్లను వదిలేసి వరుసను మాత్రమే తిరిగి ఇచ్చిన కోడ్ కనబడితే నాకు కోపం రాదు, ఆ మంచం కింది వాసన వస్తుంది. ఎవరు రాసినా సరే, దాన్ని ముక్కు మూసుకునే చదువుతాను. నా పని ముగించే ముందు లెక్క చూడకుండా లేవను. నిన్న అడిగి తీసుకున్న చోట్లు తొమ్మిది వేల ఆరు వందల పన్నెండు. తిరిగి ఇచ్చినవి తొమ్మిది వేల ఆరు వందల పన్నెండు.