మా మావ కోసిన నల్లతాడు

మావ పోయాడని మొన్న పొద్దున్నే ఫోనొస్తే నేను నమ్మలేదు. "ఎవరు చెప్పారు? ఎవరు చూశారు? డాక్టరు చెయ్యి పట్టుకుని చూశాడా, గుమ్మంలోంచే చెప్పేసి పోయాడా?" అని మా తమ్ముణ్ణి ఫోన్లోనే కడిగేశాను. వాడు ఏడుస్తూనే, "అచ్చం మావలాగే అడుగుతున్నావే అక్కా" అన్నాడు. ఆ మాటకి నమ్మాను. నమ్మాక ఏం చేశానో, చేతిలో కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టానో ఏమీ గుర్తు లేదు.

మావంటే మా అమ్మకి అన్న. విజయనగరం బజార్లో చెప్పుల కొట్టు. ఊరంతటికీ సావుకారు, మాకు మావ. ఆయనంత అనుమానపు మనిషిని మీరు చూసి ఉండరు. పాలపేకెట్టు నాలుగు వైపులా నొక్కి చూసేవాడు. పెళ్ళి శుభలేఖ వస్తే ఫోన్ చేసి, "నిజంగానే పిలిసినారా, లేపోతే అందరితోపాటు మాకూ పడేసినారా?" అని అడిగేవాడు. భోగాపురంలో ఎయిర్‌పోర్టు వస్తుందని పేపర్లో పడినప్పుడు కొట్లో అందరూ లేచి గంతులేస్తుంటే, "ముందర ఇమానం దిగనీ. దిగినాక సెప్పండి, సూడ్డానికొస్తాను" అన్నాడు. కొట్టుకి వచ్చినవాడు ఎనిమిదో నంబరు అంటే అదీ నమ్మడు. "సైజు నువ్వు సెప్పకు. ఇలగ కూకో. కాలెట్టు" అనేవాడు.

ఇంకొక అలవాటుండేది. పెళ్ళికెళ్ళినా, గుడికెళ్ళినా, పరామర్శకెళ్ళినా, గుమ్మం ముందర జనం విడిచిన చెప్పులు చెల్లాచెదరుగా ఉంటే లోపలికెళ్ళేవాడు కాదు. బొటనవేలితో ఒక్కొక్కటీ నెట్టి జతలు కలిపేవాడు. అత్త సిగ్గుతో చచ్చిపోయేది. "పెళ్ళికొచ్చినావా, కొట్టు తెరిసినావా?" అని సణిగేది. "జత ఇడిపోయుంటే సూళ్ళేనే" అనేవాడు మావ.

ఆయనకున్న ఒకే ఒక్క సరదా ఫుట్‌బాల్. సాయంత్రమయ్యేసరికి కొట్టు అత్తకి అప్పజెప్పి, కుంటుకుంటూ కాలేజీ గ్రౌండు గోడ దగ్గరికి చేరేవాడు. ఆ కుంటుడు గురించి అడిగితే, అటకెక్కుతుంటే నిచ్చెన జారిందని మా చిన్నప్పటి నుంచీ చెప్పిన మాటే చెప్పేవాడు. గోడ దగ్గర టీకొట్టాయన, ఆటోవాళ్ళు, రిటైరైన మేష్టార్లు, మాలాటి కాలేజీ పిల్లలం అంతా చేరేవాళ్ళం. ఏటేటా మా కాలేజీ టీము ఫైనల్లో సికాకుళంవాళ్ళ చేతిలో ఓడిపోవడం, వచ్చే ఏడు చూసుకుందాం అనుకోవడం. అదీ మా బతుకు.

నేను డిగ్రీ ఆఖరు సంవత్సరంలో ఉండగా భోగాపురం అవతల సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఒక కుర్రాడు ఫస్టియర్లో చేరాడు. వాళ్ళ నాన్న వేటకెళ్తాడు, అమ్మ చేపలమ్ముతుంది. అప్పటిదాకా మా టీములో మధ్యలో ఆడేవాడంటే పెళ్ళిలో వడ్డన చూసే పెద్దమనిషిలాగ ఒక చోట నిలబడి, వచ్చిన బంతిని అటొకడికీ ఇటొకడికీ పంచేవాడు. ఈ కుర్రాణ్ణి ఆ చోట నిలబెట్టారు. పంచడమూ వచ్చు. పంచడానికి ఎవడూ దొరక్కపోతే బంతి తనే పట్టుకుని పరిగెత్తడమూ వచ్చు. ఓరి బాబో, ఏం పరుగది! మొదటిసారి వాడు పరిగెడితే టీకొట్టాయన పాలు పొంగించేశాడు.

"ఇసకలో పరిగెత్తిన కాళ్ళురా ఇవి! గట్టి నేల మీద ఇంకేటి ఆగుతాడు?" అన్నాడొక ఆటో డ్రైవరు. ఈ ఏడు కప్పు మనదే అన్నారు. ఒక వారం పోయాక యూనివర్సిటీకి ఆడతాడన్నారు. ఇంకో వారానికి ఇండియా టీములోకే పంపించేశారు. వాడు అడిగినా అడక్కపోయినా వాడి చేతిలో టీ గ్లాసు, వాడి భుజం మీద ఎవడో ఒకడి చెయ్యి.

మావ మాత్రం గోడకానుకుని, "సూద్దాం" అనేవాడు. గోల్ కొట్టినా సూద్దామే, గెలిచినా సూద్దామే. "ఏటి సావుకారూ, నీ కంటికెవుడూ ఆనడా? పసోడి మీద కూడా అనుమానమేనా?" అని టీకొట్టాయన వెక్కిరించేవాడు. మావ మళ్ళీ "సూద్దాం" అనేవాడు. నాకూ ఒళ్ళు మండేది.

ఫైనలు దగ్గర పడేసరికి కుర్రాడి పరుగు తగ్గింది. బంతి అందుకుని ఆగిపోతున్నాడు, పక్కవాడికిచ్చేస్తున్నాడు. గోడ దగ్గర సభ తేల్చేసింది. దిష్టి! సికాకుళంవాడెవడో వచ్చి చూసి ఏడ్చిపోయాడు! ఇంకేముంది, గుమ్మడికాయ తిప్పి కొట్టారు. వాడి ఎడమకాలికి మంత్రించిన నల్లతాడు కట్టారు. ఊడితే అపశకునమని బిగించి ముడి మీద ముడి వేశారు. ఫైనలుకి రెండురోజుల ముందు డప్పులు పెట్టి, వాణ్ణి భుజాలకెక్కించుకుని అమ్మవారి గుడికి ఊరేగించారు.

ఊరేగింపు మా కొట్టు ముందు నుంచే వెళ్ళింది. మావ మెట్లు దిగి అడ్డం నిలబడ్డాడు. "దింపండర్రా ఆడిని. ఓపాలి నడిపించండి సూద్దాం" అన్నాడు. "నీ పాడునోరు ఒకటి సావుకారూ, తప్పుకో" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. భుజాల మీద కుర్రాడు మాత్రం వెనక్కి తిరిగి మావనే చూస్తూ పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం వాడు కొట్టుకొచ్చాడు. నేను గల్లాపెట్టె దగ్గరున్నాను. వీధి అటూ ఇటూ చూసుకుని లోపలికొచ్చి, "సావుకారూ, ఎడమకాలికి ఒక సైజు పెద్ద బూటుంటాదా? కుడికాలికి ఇదే సాలు" అన్నాడు.

"ఏ కొట్లోనైనా జతలో ఒకటి పెద్దదిస్తారేటి? కూకో. కాలెట్టు."

"ఒద్దండి, సైజు సెప్తాను..."

"నువ్వు సెప్పకు. కాలెట్టు."

మావ వాడి కాలు తన ఒళ్ళో పెట్టుకుని మేజోడు లాగాడు. నేను లేచి నిలబడ్డాను. చీలమండ బోదకాలులా వాచిపోయి ఉంది. తాడు కనిపించలేదు. మాంసంలోకి దిగిపోయి, చర్మం మీద నల్లటి గీతలాగ మిగిలింది.

"నొప్పని ఎవులికీ సెప్పలేదేటి?"

"సెప్పినాను. దిష్టన్నారు."

"తాడు ఇప్పమన్లేదా?"

"ఇప్పితే ఓడిపోతామన్నారు."

మావ తోలు కత్తిరించే కత్తెర అందుకున్నాడు. కుర్రాడు రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ఒద్దు సావుకారూ. అందరూ నా మీదే ఆశెట్టుకున్నారు. రేపొక్కటీ ఆడేత్తాను" అని బతిమాలాడు. నేనూ అనేశాను. "మావా, ఒక్క మేచ్చే కదా."

మావ నా వైపు తిరిగి పంచె మోకాలు పైకి లాగాడు. అన్నేళ్ళలో ఆ మోకాలు నేనెప్పుడూ చూడలేదు. ఆ కోత నిచ్చెన జారితే పడేది కాదు. "ఇదీ ఒక్క మేచ్చే పిల్లా" అన్నాడు.

ఆ గ్రౌండులోనే, కుర్రతనంలో మావ కూడా పరిగెత్తేవాడట. ఆయన్నీ భుజాలకెక్కించుకున్నారట. నొప్పితోనే దిగి, ఫైనల్లో మోకాలు తిరిగి పడిపోతే, అమ్ముడుపోయి నాటకమాడతన్నాడని రాళ్ళు విసిరారట. ఆస్పత్రికి మా తాత తప్ప ఎవడూ రాలేదట. ఇదంతా మావ కుర్రాడి కాలు నిమురుతూ, ఎవరి కథో చెప్పినట్టు చెప్పాడు.

"నాను ఈడి మీద అనుమానపడతన్నాననుకున్నావా? ఈడు బంగారం. ఒకడొకడుగా వస్తే అందరూ మంచోళ్ళే. ఆ టీకొట్టోడంటే నాకు పేణం. అందరూ కలిసొత్తేనే నాకు బయం."

"కుంటితే నన్నూ నాటకమంటారు సావుకారూ" అన్నాడు కుర్రాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అంటారు. అందుకే నువ్వేటీ సెప్పకు. సావుకారు తీసుకుపోనాడని సెప్పు. తిడితే నన్ను తిట్టనీ. నా కాలెలాగా పోనాది." అని, కత్తెర మొన తాడు కిందికి నెమ్మదిగా దూర్చి కోసేశాడు.

ఇక్కడే మా మావ తెలివితేటలు మీకు చెప్పాలి. ఫైనలు రోజు పొద్దున్నే ఆ కుర్రాణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళాడనుకున్నారు? సికాకుళం! తలకాయున్నవాడెవడైనా మేచ్ రోజు మన ఆటగాణ్ణి ఎదుటివాళ్ళ ఊరు బస్సెక్కిస్తాడా? విశాఖపట్నంలో ఎముకల డాక్టర్లు లేరా అని అత్త మొత్తుకుంది. "ఎరగనోడైతే ఎవుడి ఎముకో సూపించీసి ఈడిదంటాడు. మన బావమర్ది ఉన్నాడు కాబట్టి ఎక్స్‌రే నా కళ్ళెదురుగా తీస్తాడు" అన్నాడు. అత్త తమ్ముడు అక్కడొక ఎముకల డాక్టరు దగ్గర పనిచేస్తాడు. అదీ సంగతి.

ఎముక చిట్లిందన్నాడు డాక్టరు. దాని మీద ఇంకొక్క ఆట ఆడుంటే రెండుగా విడిపోయేదన్నాడు, ఇంక పరుగు మాట మరిచిపోవాల్సిందే అన్నాడు. సిమెంటు కట్టు వేశారు.

ఇక్కడ మేం ఓడిపోయాం. సాయంత్రానికి కొట్టు ముందు జనం. మావని సికాకుళం బస్సు దగ్గర చూసినవాడు దొరికాడు, కొట్టు ముందు చెత్తలో తెగిన నల్లతాడు దొరికింది, అత్త పుట్టిల్లు సికాకుళమేనని గుర్తొచ్చింది, ఇంకేం కావాలి? బయట స్టాండు మీద మేం వేలాడదీసిన చెప్పులే తీసి, దండ కట్టి, మా బోర్డుకే వేశారు. మావ అప్పుడే బస్సు దిగి వచ్చాడు. కుర్రాణ్ణి బావమరిది ఇంట్లోనే ఉంచాడు.

"తాడెవుడు కోసినాడు?" అని అరిచాడు టీకొట్టాయన.

"నానే కోసినాను. బస్సూ నానే ఎక్కించినాను. ఆ గుంటడికేటీ తెలీదు."

అత్త నోరు తెరవబోతే చేత్తో ఆపేశాడు. తిట్టినన్ని తిట్లూ నిలబడి విన్నాడు. జనం పోయాక దండ దింపి, ముడులు విప్పి, "సూసినావా, అన్నీ ఎడమకాలియే కట్టినారు ఎదవలు" అన్నాడు. షోకి మేం పెట్టేవి ఒంటి చెప్పులే మరి. లోపల డబ్బాల్లోంచి కుడికాలివి వెతికి తెచ్చి, కింద కూర్చుని జతలు కలపడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని ఏడుస్తూ అందించాను.

తర్వాత కుర్రాడు కట్టుతో తిరిగొస్తే, సగం మంది అది దొంగకట్టన్నారు. లోపలేమీ లేదన్నారు. ఆ మాట విన్నరోజు మావ నన్ను చూసి, "సూసినావా" అన్నాడు. తన మాటే నిజమైందన్న సంతోషం ఆ గొంతులో లేదు.

మరుసటేడు కుర్రాడు మళ్ళీ గ్రౌండులో దిగాడు. మావ గోడ దగ్గరికి పోలేదు. దూరంగా గేటు దగ్గర నిలబడ్డాడు, పక్కన నేను. మైదానమంతా ఒక్కసారి లేచి అరిచింది. మావ నా మోచెయ్యి పట్టుకుని, "గోల్ ఎవుడు కొట్టినాడు?" అని అడిగాడు. మేచ్ అంతా ఆయన ఆ ఎడమకాలొక్కటే చూస్తూ నిలబడ్డాడు. బంతి ఎటు పోయిందో ఆయనకి తెలీదు.

మొన్న ఇంటికి చేరేసరికి ఊరంతా అక్కడే ఉంది. టీకొట్టాయన పెద్దగా ఏడుస్తున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడా అని తొంగి చూశాను. మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది? నిజంగానే ఏడుస్తున్నాడు. నన్ను చూసి, "మారాజమ్మా. ఆ గుంటడి కాలు నిలబెట్టినాడు. మేమప్పుడే అనుకున్నాం" అన్నాడు. అప్పుడే అనుకున్నారట! నోటిదాకా వచ్చింది. ఒకడొకడుగా వస్తే అందరూ మంచోళ్ళే అన్న మాట గుర్తొచ్చి మింగేసుకుని బయటికొచ్చేశాను.

గుమ్మం బయట చెప్పులు గుట్టగా పడున్నాయి. ఎవడో ఆ గుట్ట మీదికి వంగి ఒక్కొక్కటీ తీసి చూస్తున్నాడు. చావింటి దగ్గర కూడా చెప్పుల దొంగలా! నాకు తిక్క రేగింది. "ఒరే, ఎవుడ్రా అది?" అని కేకేశాను.

వాడు నిటారుగా లేచి నిలబడ్డాడు. రెండు చేతుల్లో రెండు చెప్పులు. గుబురు మీసం, మెడలో ఈల తాడు. ఆ కుర్రాడే! పాతపట్నం దగ్గర ఏదో స్కూల్లో ఆటల మేష్టారుగా చేస్తున్నాడని మావే చెప్పాడు. పిల్లల్ని మైదానంలోనే వదిలేసి వచ్చినట్టున్నాడు.

"నానే అక్కా" అన్నాడు. "జతలు ఇడిపోయుంటే సావుకారు సూళ్ళేడు కదా."

అప్పటికే సగం గుట్ట గోడ వారన జతలు జతలుగా సర్దేశాడు. ఇంతలో లోపల్నుంచి ఎవరో, "అయ్యో, దండలకని పిలిసిన పూలబండి సందు దాటి పోతన్నాది, ఆపండర్రా!" అని అరిచారు. వాడు చేతిలో జత కింద పెట్టి, వట్టికాళ్ళతో పరుగందుకున్నాడు. జనం తప్పుకున్నారు. టీకొట్టాయన గుమ్మంలోకి వచ్చి, "ఆపినాడా? బండి ఆపినాడా?" అని నన్నడుగుతున్నాడు.

నేనేం చెప్పను? ఆ ఎడమకాలే చూస్తూ నిలబడ్డాను. బండి ఆగిందో లేదో నాకు తెలీదు.