గురునాథం నోట మూడు మెప్పులు

గుంటూరు మిర్చి యార్డులో గురునాథం ఇరవై తొమ్మిదేళ్లుగా ఎగుమతి వ్యాపారుల తరఫున కాయ చూస్తున్నాడు. కాయ విరుస్తాడు, వాసన చూస్తాడు, తెల్లబడ్డ తాలుకాయ కోసం వెతుకుతాడు, చివరికి పెదవి విరుస్తాడు. "బాగుంది" అని నోరు జారితే క్వింటాకు ధర రెండొందలు పెరుగుతుంది కనుక ఆ మాటనే మానేశాడు. మానేసిన మాట ఇంటి గుమ్మంలో మాత్రం తిరిగొస్తుందా? భార్య కనకలక్ష్మి వడ్డించిన మెతుకును వేళ్ల మధ్య నలిపి, "తేమ ఉంది" అనేవాడు.

ఆమె పుట్టిల్లు దర్శి పక్క ఊరు. ఆ ఊరి చివర పాత స్తూపం దిబ్బ చూడటానికి ఫిబ్రవరిలో శ్రీలంక నుంచి పన్నెండుమంది భిక్షువులు వచ్చారు. వంట కనకలక్ష్మి తలకెత్తుకుంది. దోసకాయ పప్పు, గోంగూర, గడ్డపెరుగు. ఈ ఒక్కసారైనా, వెంట వచ్చిన మొగుడి నోట మంచిమాట వినాలని ఆమె పంతం.

భిక్షువుల నియమం ప్రకారం మధ్యాహ్నం పన్నెండు లోపే భోజనాలు ముగిశాయి. పెద్ద భిక్షువు చెబుతుంటే దుబాసీ తెలుగు చేశాడు.

"ఎవరు మంచి పని చేసినా మూడుసార్లు 'సాధు' అనాలండి. పాళీలో 'మేలు, బాగుంది' అని అర్థం. మనసారా అన్నవాళ్లకీ ఆ పుణ్యంలో భాగం ఉంటుంది. అన్నం పెట్టిన ఈ తల్లికి అందరూ అనండి."

పెట్టుబడి లేని వాటా! గురునాథం అనడానికి లేవబోయి ఆగిపోయాడు. వెనక వరసలో ఆ ఊరి రైతు, వరసకు బావమరిది అనిల్ కుమార్ ఉన్నాడు. రేపు అతని ముప్పై బస్తాలు యార్డుకొస్తున్నాయి; తన నోట 'బాగుంది' అతని చెవిన పడకూడదు.

"మనసులో అనుకుంటే చాలదాండీ?" అని గురునాథం అడిగాడు.

"పుణ్యానికైతే చాలట," అన్నాడు దుబాసీ.

"నాకు చాలదు," అంది కనకలక్ష్మి, చేతిలో గరిటెతో. "పెళ్లైన దగ్గర్నుంచీ మనసులోనేగా."

సభ మొత్తం ఆయన మొహం చూసింది. మొదటి సాధు పచ్చికాయ తొడిమ ఊడినంత కష్టంగా ఊడింది. రెండోది సగం గొంతులోనే ఉండిపోయింది. మూడోది, పప్పు రుచి గుర్తొచ్చి కాబోలు, దిబ్బ అవతలికి వినిపించింది. కనకలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుని, ఎండ మండిపోతోందంది.

"విన్నార్రా? మా బావకీ ఆ మాట వచ్చు," అన్నాడు అనిల్ కుమార్ పక్కవాళ్లతో.

మర్నాడు యార్డులో తన బస్తా మూతి విప్పి నిలబడ్డాడు. "నిన్నటి మాట ఒక్కసారి అను బావా. మూడక్కర్లా."

గురునాథం కాయ విరిచాడు. రంగు నిప్పు, గింజ బంగారం.

"తాలు కలిసింది," అన్నాడు గంభీరంగా.

అనేముందు ఆయన పెదవులు చప్పుడు లేకుండా మూడుసార్లు కదిలాయని అనిల్ కుమార్ యార్డంతా చాటాడు. మిగతా కొనుగోలుదార్లు వేలంలో ఆ కాయకు క్వింటాకు రెండొందలు ఎక్కువే పాడారు.