వామనగుంటల కెమిస్ట్రీ

మా స్కూలు మీద ఈమధ్య ఒక సంచిక వేశారు. పాత మాష్టార్లందరినీ తలచుకున్నారు. నన్నూ తలచుకున్నారు, ‘డ్రిల్లు మాష్టారు’ అని. సైన్సు చెప్పేవాడి చేతికి ఈల ఎలా వచ్చిందో ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. అడక్కపోయినా చెబుతున్నాను.

పందొమ్మిది వందల యాభైల్లో తాడేపల్లిగూడెం దగ్గర హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. లాబొరేటరీ అంటే ఒక బీరువా, దాని తాళం హెడ్మాస్టరు గారి దగ్గర. సమీకరణంలో ఎడమ పక్క ఎన్ని పరమాణువులుంటే కుడి పక్కా అన్నే ఉండాలని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేవాణ్ణి. పిల్లలు మాత్రం ఏదైనా మిగిలితే చెరిపేసి ఊరుకునేవారు.

ఒక ఆదివారం మా ఆవిడ పక్కింటావిడతో వామనగుంటలు ఆడుతోంది. గింజ ఈ గుంటలోంచి ఆ గుంటలోకి పోతుందే గాని మాయం కాదు. మర్నాడు ఆ గుంటల పీట చంకన పెట్టుకుని క్లాసుకెళ్ళాను. చింతగింజ హైడ్రోజన్, గురివింద ఆక్సిజన్. ఎడమ గుంటల్లో ఏ గింజైనా జంటగానే ఉండాలి. కుడి పక్క ఒక్కో నీళ్ళ గుంటకి రెండు చింతగింజలు, ఒక గురివింద. చివరికి ఎడమ పక్క ఏమీ మిగలకూడదు, పారెయ్యకూడదు.

“ఆడాళ్ళ ఆటండీ ఇది! నా బదులు మా చెల్లెల్ని పంపించనాండీ?” అన్నాడొకడు.

“రేపు తొక్కుడుబిళ్ళ కూడా ఉంటుందాండీ?” అన్నాడు వెనక బెంచీవాడు.

కొల్లేటి లంక నుంచి వచ్చి, పినతల్లి ఇంట్లో ఉండి చదువుకునే అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళ నాన్న చేపలు పట్టేవాడు. అంతవరకూ క్లాసులో నోరు విప్పి ఎరగదు. ఆ పిల్ల వచ్చి పీట ముందు కూర్చుంది. ఒక చింతగింజల జంట, ఒక గురివిందల జంట తీసుకుంది. ఒక నీళ్ళ గుంట నింపితే ఒక గురివింద మిగిలిపోయింది.

“గుప్పిట్లో దాచేసుకో, ఎవరు చూశారు!” అన్నాడు వెనక బెంచీవాడు.

“దాచడమెందుకు? మాష్టారండీ, ఇంకో జంట చింతగింజలు ఇప్పించండి. ఇంకో గుంట నిండుద్ది.”

నెల్లాళ్ళు బోర్డు మీద నేను చెప్పలేనిది ఆ మాటతో క్లాసంతటికీ తెలిసింది. ఆ వారమంతా మగపిల్లలు కూడా జేబుల నిండా గింజలు తెచ్చుకున్నారు.

అప్పుడే ఏలూరు నుంచి స్కూళ్ళ ఇన్స్పెక్టరు గారు దిగారు. గుమ్మంలోంచే చూసి, “ఇది క్లాసా, పేరంటమా?” అన్నారు. క్లాసు ఘొల్లుమంది.

“కెమిస్ట్రీ అండి. ఈ అమ్మాయిని ఏ సమీకరణమైనా అడిగి చూడండి.”

ఆయన వాచీ చూసుకున్నారు. “బండికి టైమైంది మాష్టారూ.” రిపోర్టులో మాత్రం తీరిగ్గానే రాశారు: ‘బాలబాలికల కాలమును వృథా చేయుచున్నారు.’ సైన్సు నా నుంచి తీసేసి డ్రిల్లు అప్పగించారు.

“ఒక్క క్షమాపణ కాగితం రాసి పడేయండి, మీ క్లాసు మీకొచ్చేస్తుంది” అన్నారు హెడ్మాస్టరు గారు. నేను రాయలేదు. తప్పు చేసినవాడు రాయాలి క్షమాపణ. దానికి బదులు ఆ వాక్యం కొట్టెయ్యమని అర్జీ రాశాను. రెండోది రాశాను, మూడోది రాశాను. ఏలూరు ఆఫీసుకెళ్ళి అడిగితే, “పరిశీలనలో ఉందండీ” అనేవారు.

కొన్నాళ్ళకి ఏలూరులో టీచర్ల మీటింగు పెట్టారు. అదే ఇన్స్పెక్టరు గారు మైకు ముందు నిలబడి, పిల్లలకి ఆటలతో సైన్సు చెప్పాలని సెలవిచ్చారు. నేను లేచి, “మరి నా క్లాసు ఎందుకు తీసేశారండీ?” అన్నాను. “కూర్చోండి మాష్టారూ” అన్నారు. నేను కూర్చోలేదు. ఇద్దరు ప్యూన్లు చెరో రెక్కా పట్టుకుని బయటికి నడిపించారు.

తర్వాత పదవీ విరమణ దాకా ఈలే ఊదాను. సమీకరణం మళ్ళీ ఒక్కటీ చెప్పనివ్వలేదు.

ఇన్స్పెక్టరు గారూ, ఇది చదువుతున్నారో లేదో నాకు తెలియదు. మీరు కాకపోతే ఆ ఆఫీసులో ఎవరైనా సరే. ఆ అమ్మాయి వేసిన లెక్కలో తప్పేమిటి? తప్పు లేకపోతే ఆ వాక్యం ఎందుకు రాశారు? ఈసారి పరిశీలన వద్దు. జవాబు కావాలి, రాతలో.